అడవి గూడేనికి ఈమెయిలు: వేచి ఉండగల ఉత్తరం

ఉత్తరప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడా మన దేశపు కొత్త నగరాలలో ఒకటి. ఢిల్లీకి ఆగ్నేయ దిశగా, ఒకనాడు పంటపొలాలుగా ఉండిన నేలమీద, 1991లో ఏర్పడిన పారిశ్రామికాభివృద్ధి ప్రాధికార సంస్థ ఆధ్వర్యాన ఈ నగరం రూపు దిద్దుకొన్నది. నేడు అక్కడ విశాలమైన రహదారులు, కర్మాగారాలు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఉన్నవి. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు అక్కడ చదువుకొంటున్నారు. వారిలో తెలుగు విద్యార్థులు కూడా ఉన్నారు.

ఈ నగరానికి ఇటీవల మరొక విశిష్టత చేకూరినది. 2022 అక్టోబరులో యోట్టా సంస్థవారి పెద్ద డేటా కేంద్రం అక్కడ ప్రారంభమైనది. సర్వర్లను అమర్చే నిలువు అరలు సుమారు 5,000 పట్టే భవనమది. ఇటువంటి కేంద్రాలలో రాత్రింబవళ్లు విద్యుత్తు ఆగదు. బయటి సరఫరా నిలిచిన మరుక్షణం బ్యాటరీలు, ఆపై జనరేటర్లు ఆ భారాన్ని అందుకొంటాయి. యంత్రాలు వేడెక్కకుండా శీతలీకరణ సాధనాలు నిరంతరం పనిచేస్తూ ఉంటాయి. మనం రాసే ఈమెయిళ్లు గాలిలో ఎక్కడో తేలియాడుతున్నవని చాలామంది అనుకొంటారు. నిజానికి అవి ఇటువంటి భవనాలలోని సర్వర్లలో, పేరు రాసి పెట్టిన గూటిలో జాబువలె, భద్రంగా కూర్చుని ఉంటాయి.

ఇది ఈమెయిలుకు ఒక చివర. దాని రెండవ చివర ఎట్లా ఉంటుందో తెలుసుకొనేందుకు దక్షిణాదికి, కృష్ణానదికి ఇరువైపులా విస్తరించిన నల్లమల అడవులకు పోవలసి ఉంటుంది. ఇక్కడ చెంచుల పెంటలు, గూడేలు ఉన్నవి. 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రంగా ఉన్న నాగార్జునసాగర్–శ్రీశైలం అరణ్యంలో అటవీశాఖవారి బేస్ క్యాంపులు ఉన్నవి. చెంచు యువకులు అక్కడ కాపలాదారులుగా ఉండి, అడవిని కాలినడకన గాలిస్తూ ఉంటారు. అడవి లోపలి ఇటువంటి మకాములలో చాలావాటికి విద్యుత్తు తీగ చేరలేదు. కప్పుమీద సౌరఫలకం, మూల ఒక బ్యాటరీ, వైర్‌లెస్ సెట్టు ఉంటే అదే వారి ఏర్పాటు. మొబైల్ సిగ్నలు కావాలంటే లోయలోనుంచి గట్టెక్కవలసి ఉంటుంది.

గ్రేటర్ నోయిడాలో చదువుకొంటున్న ఒక అన్న, ఇటువంటి గూడెంలో సెలవులకు ఇంటికి వచ్చి ఉన్న తన చెల్లెలికి ఈమెయిలు పంపినాడని అనుకొందాం. ఆమె కళాశాలలో సీటు కోసం దరఖాస్తు చేసుకొని, ఫలితం కోసం ఎదురుచూస్తున్నది. ఒక చివర క్షణమైనా నిద్రించని భవనం, రెండవ చివర రోజుకు గంటసేపు మాత్రమే మేలుకొనగల సాధనం. ఈ రెండింటి నడుమ ఉత్తరం ఎట్లా నడుస్తుంది? ఎక్కడ ఆగుతుంది? ఎక్కడ తప్పిపోతుంది?

అంచె పద్ధతి

తెలుగువారికి 'అంచె' అన్న మాట కొత్తది కాదు. ఒక మనిషి మోయలేని దూరాన్ని మజిలీలుగా విభజించి, ఒకరి చేతినుంచి మరొకరి చేతికి అందిస్తూ వస్తువును గమ్యం చేర్చటమే అంచె. పూర్వం తపాలా జవాన్లు గజ్జెలు కట్టిన బల్లెం చేతబట్టి పరుగెత్తి, తమ మజిలీ ముగియగానే టపా సంచిని తరువాతివానికి అప్పగించేవారు. వాగు పొంగితే సంచి ఒక రోజు ఒడ్డున ఆగేది. ఆగిన మాత్రాన ఉత్తరం చెడిపోయేది కాదు. బ్రిటిషు ఇండియాలోనేకాక, 1950 వరకు సొంత తపాలా శాఖను నడుపుకొన్న హైదరాబాదు సంస్థానంలోనూ ఉత్తరం నడిచిన తీరు ఇదే.

ఈమెయిలు కూడా పుట్టుకతో అంచె తపాలాయే. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు, ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు తొలి ఉత్తరాన్ని పంపినప్పుడు, పేరునూ చిరునామానూ విడదీయటానికి 'ఎట్' గుర్తును ఎన్నుకొన్నాడు. ఆనాడు చాలా కంప్యూటర్లు ఎల్లవేళలా ఒకదానితో ఒకటి కలిసి ఉండేవి కావు. మన దేశంలో 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు సహాయంతో 'ఎర్నెట్' అనే విద్యా పరిశోధనా వలయాన్ని ప్రారంభించినది. ఐదు ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ అందులో తొలి భాగస్వాములు. తొలిరోజులలో ఆ వలయం అందించిన సేవ ప్రధానంగా ఈమెయిలే. ఒక కంప్యూటరు సాధారణ టెలిఫోను లైనుమీద మరొక కంప్యూటరుకు ఫోను చేసేది. పోగైన ఉత్తరాల మూటను అందించి, తనకు రావలసిన మూటను పుచ్చుకొని, ఫోను పెట్టివేసేది. దానికి కావలసినది రోజులో కొద్ది నిమిషాల అనుసంధానమే. ఎనిమిది సంస్థలను ఒక కుటుంబంగా కలపటానికి ఆ కొద్ది నిమిషాలే చాలినవి. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినది ఆ తరువాత, 1995 ఆగస్టు 15న.

అనగా, నేడు అడవి గూడెంలోని పరిస్థితి ఈమెయిలుకు కొత్త కష్టమేమీ కాదు. దాని బాల్యం గడిచినదే అటువంటి పరిస్థితిలో.

ఉత్తరం ఆగే మూడు చోట్లు

నేటి ఈమెయిలు ప్రయాణాన్ని పరిశీలిస్తే, అది నిరపాయంగా ఆగగల స్థలాలు మూడు కనిపిస్తాయి.

మొదటిది పంపేవారి పెట్టె. చెల్లెలు గూడెంలో కూర్చుని, సిగ్నలు లేని వేళ, జవాబు రాసి 'పంపు' అన్న మీట నొక్కినదనుకొందాం. ఫోనులోనో కంప్యూటరులోనో ఈమెయిలు యాప్ ఉంటే, ఆ జాబు 'అవుట్‌బాక్స్' అనే అరలో నిలిచి ఉంటుంది. ఎప్పుడు దారి దొరికితే అప్పుడు బయలుదేరుతుంది. బ్రౌజరులో తెరిచి రాసే ఈమెయిలుకు సామాన్యంగా ఈ ఓర్పు ఉండదు. సిగ్నలు తెగితే పేజీ చెదరిపోవచ్చు. కనుక ఏకాంత ప్రదేశాలలో ఉండేవారికి బ్రౌజరుకన్న యాప్ మేలు.

రెండవది దారిలోని సర్వరు. ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు ఉత్తరాన్ని అప్పగించే నియమావళి 1982లో వెలువడినది. ప్రస్తుతం అమలులో ఉన్న దాని సవరణ 2008 నాటిది. అవతలి సర్వరు పలకకపోతే యివతలి సర్వరు ఏమి చేయాలో అందులో స్పష్టంగా చెప్పబడినది. ఉత్తరాన్ని వరుసలో నిలిపి ఉంచాలి. మళ్లీమళ్లీ ప్రయత్నించాలి. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య కనీసం 30 నిమిషాల వ్యవధి ఇవ్వటం మంచిది. కనీసం నాలుగైదు రోజుల వరకు ఆశ వదలకూడదు. ఆ తరువాతనే 'అందించలేకపోయినాము' అని పంపినవారికి తెలియజేయాలి. పొంగిన వాగు ఒడ్డున సంచితో నిలబడిన తపాలా జవానే ఈ నియమంలో కనిపిస్తాడు.

మూడవది అందుకొనేవారి పెట్టె. అన్న పంపిన జాబు చెల్లెలి ఖాతా ఉన్న సర్వరుకు చేరిన తరువాత, ఆమె వారం రోజులకు గట్టెక్కి వచ్చినా, నెలకు వచ్చినా అది అక్కడే ఉంటుంది. అయితే ఖాతాకు కేటాయించిన చోటు నిండిపోకుండా చూసుకోవాలి. రెండు సంవత్సరాలపాటు తెరవని ఖాతాలను తొలగించే నిబంధన కొన్ని పెద్ద సంస్థలకు ఉన్నదని గుర్తుంచుకోవాలి.

ఈ మూడవ పెట్టెనుంచి జాబును తెచ్చుకొనే విధానాలు రెండు. 'పాప్' అనే పద్ధతిలో ఉత్తరాలన్నీ మన యంత్రంలోకి దిగుమతి అవుతాయి. మనం వేరుగా చెప్పనంతవరకు సామాన్యంగా సర్వరులోని ప్రతి తొలగిపోతుంది. 'ఐమాప్' అనే పద్ధతిలో అసలు ప్రతి సర్వరులోనే ఉండి, మనకు నకలు వస్తుంది. ఈ రెండవ పద్ధతిలో మరొక సౌలభ్యం ఉన్నది. ముందుగా ఎవరు రాసినారు, విషయమేమిటి, పరిమాణమెంత అన్న వివరాలు మాత్రమే తెప్పించుకొనవచ్చు. వాటిని చూసి, కావలసిన జాబును మాత్రమే దింపుకొని, బరువైన జతపత్రాలను సర్వరులోనే ఉంచవచ్చు. సన్నని దారి మాత్రమే ఉన్నవారికి ఇది ఎంతో మేలు.

ఎండను కొలిచి వాడటం

గూడెంలో అసలు కొరత సిగ్నలు అని పైకి తోస్తుంది. అనుభవంలో అంతకన్న పెద్ద కొరత విద్యుత్తు. దీనికి చిన్న లెక్క చాలు.

100 వాట్ల సౌరఫలకం, రోజుకు నాలుగైదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు దొరికితే, 400 నుంచి 500 వాట్-గంటల శక్తిని ఇస్తుంది. తీగలలో, నియంత్రకంలో, బ్యాటరీలో పోయే భాగాన్ని తీసివేస్తే చేతికి వచ్చేది సుమారు 300 నుంచి 350. దట్టమైన మబ్బు పట్టిన వానకాలపు రోజున ఇది నాలుగవ వంతుకు కూడా పడిపోవచ్చు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో నిలువ ఉండేది 1,200 వాట్-గంటలు. అది ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి.

ఇక ఖర్చు. 10 వాట్ల రౌటరును రాత్రింబవళ్లు వెలిగించి ఉంచితే 240 వాట్-గంటలు హరించుకుపోతాయి. మబ్బు రోజున ఫలకం సంపాదించే దానికన్న ఇది చాలా ఎక్కువ. అదే రౌటరును ఉదయం అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే నడిపితే ఖర్చు 10 వాట్-గంటలు. నేటి మొబైల్ ఫోనులోని 5,000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ నిండటానికి సుమారు 19 వాట్-గంటలు చాలు. కొత్త తరపు ఉపగ్రహ ఇంటర్నెట్ పళ్లెం ఒకటి 75 వాట్లు తీసుకొంటుందనుకొంటే, రోజంతటికి 1,800 వాట్-గంటలు కావాలి. పై బ్యాటరీ దానిని రోజంతా మోయలేదు. గంటసేపు మాత్రం వాడితే 75 వాట్-గంటలతో సరిపోతుంది.

ఈ లెక్కనుంచి తేలే నీతి ఒక్కటే. గ్రిడ్‌కు దూరంగా ఉన్నవారు ఇంటర్నెట్‌ను దీపంలాగా వెలిగించి ఉంచరాదు. బావిలో చేదలాగా దింపి, నింపుకొని, పైకి తీసుకోవాలి. ఈమెయిలు ఇట్లా వాడటానికి అనువైనది. వీడియో సంభాషణకు ఈ పద్ధతి సరిపడదు.

నేలదారి, ఆకాశదారి

చేద దింపటానికి బావి ఉండాలి కదా! ఆ బావులు అనేక విధాలు.

అన్నిటికన్న చౌక మొబైల్ టవరు. లోయలో అందని సిగ్నలు, ఇంటికప్పుపైన ఎత్తయిన గడకు దిశా యాంటెన్నా కట్టి, దగ్గరి టవరువైపు తిప్పితే కొన్నిచోట్ల అందుతుంది. కొండ అడ్డుగా నిలిచిన చోట మాత్రం గడ ఎంత పొడవైనా ప్రయోజనం ఉండదు. టవర్లు లేని పల్లెలకు టవర్లు వేయటానికి కేంద్రప్రభుత్వం పథకాలు చేపట్టినది. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల ఆకాంక్షిత జిల్లాలలోని 7,287 గ్రామాలకు, 2022 జులైలో దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలకు 4జి సేవలందించే పథకాలు మంజూరైనవి. గ్రామపంచాయతీలను కాంతితంతువులతో కలిపే పథకం 2011లో ఆమోదం పొందినది. దానినే ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నారు. తంతువు పోలేని దుర్గమ పంచాయతీలకు ఉపగ్రహమే ఆధారం.

రెండవది ఆకాశమార్గం. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. నేలమీద చిన్న పళ్లెంతో దానిని చూసే కేంద్రాన్ని వీశాట్ అంటారు. 1980వ దశకం చివరిభాగంలో జాతీయ సమాచార కేంద్రం మన జిల్లా కేంద్రాలను ఢిల్లీతో కలిపినది ఇటువంటి పళ్లేల ద్వారానే. ఇందులో ఒక చిక్కు ఉన్నది. మాట పైకి పోయి కిందికి రావటానికే పావు సెకను పడుతుంది. ప్రశ్నకు జవాబు రావాలంటే అర సెకను. ఉత్తరాన్ని అప్పగించేటప్పుడు రెండు సర్వర్లు అనేకసార్లు 'వినబడినదా, వినబడినది' అని పలకరించుకొంటాయి. ప్రతి పలకరింపుకూ అర సెకను చొప్పున ఆలస్యం పెరుగుతుంది. ఉత్తరం ఆలస్యమవుతుందే కాని ఆగిపోదు. 550 నుంచి 1,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే కొత్త ఉపగ్రహ సమూహాలకు ఈ ఆలస్యం చాలా తక్కువ. అటువంటి ఒక సమూహానికి, స్టార్‌లింక్‌కు, 2025 జూన్‌లో భారత ప్రభుత్వం లైసెన్సు మంజూరు చేసినది. వన్‌వెబ్, జియో సంస్థలు అంతకు ముందే లైసెన్సులు పొందినవి.

చేతిలో పట్టుకొనే ఉపగ్రహ ఫోను విషయంలో చట్టం తెలిసి ఉండటం అవసరం. దూరసంచార శాఖ అనుమతి లేకుండా మన దేశంలో దానిని వాడటం నేరం. విదేశాలలో కొన్న ఫోనును తెచ్చి కొండలలో వాడరాదు. భారత్ సంచార్ నిగమ్ ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహాల ద్వారా 2017 నుంచి ఈ సేవను నడుపుతున్నది. దానికి భూమిమీది ద్వారం గాజియాబాదులో, గ్రేటర్ నోయిడాకు పొరుగుజిల్లాలోనే ఉన్నది. హిమాలయాలలో ఎవరైనా ఈ ఫోనుతో పలికితే, ఆ పలుకు ముందుగా నేల తాకేది అక్కడనే.

సముద్రం మీది జాలరులది కూడా గూడెంవారి పరిస్థితే. తీరం దాటి కొద్దిదూరం పోగానే మొబైల్ సిగ్నలు మాయమవుతుంది. 2024 ఆగస్టులో, లక్ష చేపల పడవలకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు అమర్చే 364 కోట్ల రూపాయల పథకం ప్రారంభమైనది. దాని ద్వారా పడవకూ తీరానికీ మధ్య చిన్నచిన్న వర్తమానాలు అటూ ఇటూ నడుస్తాయి. సంభాషణ కాదు, చిత్రాలు కావు. తుపాను హెచ్చరిక అందుకోవటానికీ, ఆపద కబురు చెప్పటానికీ నాలుగు మాటలు చాలు.

మూడవది రేడియో మార్గం. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్లినది. ఆ నెల 26న సునామీ విరుచుకుపడి సంచార వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు, ఆ బృందమే పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి అందించినది. ఇదే తరహా హ్రస్వతరంగ రేడియోద్వారా ఈమెయిలు పంపే ఏర్పాటు కూడా ప్రపంచంలో ఉన్నది. నడిసముద్రంలోని తెరచాప నావలు దానిని వాడుతుంటాయి. అయితే అమెచ్యూర్ రేడియోకు లైసెన్సు కావాలి. వ్యాపార వ్యవహారాలకు దానిని వాడరాదు.

నాలుగవది అన్నిటికన్న పాతది, అన్నిటికన్న నమ్మకమైనది కూడా. అదే మనిషి నడక. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపూర్ ప్రాంతంలో 'డాక్‌నెట్' అనే ప్రయోగం జరిగినది. పల్లెలకు తిరిగే బస్సుకు చిన్న కంప్యూటరును, వైఫై యాంటెన్నాను అమర్చినారు. బస్సు ఊరిలో ఆగిన కొద్దిసేపటిలో అక్కడి యంత్రం తన మూటను బస్సుకు అందించేది. బస్సు పట్టణం చేరగానే ఆ మూట ఇంటర్నెట్‌లోకి దిగేది. ప్రయోగానికి పెట్టిన పేరులోనే పాత 'డాక్' ఉన్నది. నేడు పులుల సంరక్షణలో వాడుతున్న 'ఎమ్-స్ట్రైప్స్' విధానం కూడా ఈ కోవలోనిదే. గస్తీ తిరిగేవారు ఫోనులో పాదముద్రలు, ఆనవాళ్లు, తాము నడిచిన దారి నమోదు చేస్తారు. అడవిలో సిగ్నలు లేకపోయినా నమోదు ఆగదు. సిగ్నలున్న చోటుకు వచ్చిన తరువాత ఆ వివరాలు పైకి చేరుతాయి. గూడెంలోని చెల్లెలు జాబు రాసి ఉంచి, సంతకు పోయే అన్నకో మామకో ఫోను ఇచ్చి పంపితే, ఆమె చేసేదీ సరిగ్గా ఈ పనే.

తెలుగు జాబు బరువు

దారి సన్ననిదైనప్పుడు మూట బరువు తెలిసి ఉండాలి. ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా గ్రహించవలసిన అంశం ఒకటి ఉన్నది.

ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కంప్యూటరులో ఒక బైట్ చోటు తీసుకొంటుంది. తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికి, అది అచ్చయినా, హల్లయినా, గుణింతమైనా, నకార పొల్లయినా, నేడు వాడుకలో ఉన్న యూనికోడ్ పద్ధతిలో మూడు బైట్లు కావాలి. 'ఉత్తరం' అనే మాటలో కంటికి కనిపించే అక్షరాలు మూడే. కాని యంత్రం దానిని ఆరు సంకేతాలుగా చూస్తుంది: ఉ, త, పొల్లు, త, ర, సున్న. అనగా 18 బైట్లు. అదే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు ఆరు బైట్లు చాలు. అంతటితో అయిపోలేదు. పాత సర్వర్లు తడబడకుండా ఉండేందుకు, తెలుగు పాఠాన్ని తరచుగా మరొక సంకేతభాషలోకి మార్చి పంపుతారు. 'బేస్ 64' అనే పద్ధతిలో ఆ 18 బైట్లు 24 అవుతాయి. మరొక పద్ధతిలో అయితే 54 వరకు పెరుగుతాయి.

దీనిని చూసి భయపడి తెలుగు మానుకోవలసిన అవసరమేమీ లేదు. 300 మాటల తెలుగు జాబు ఎంత పెరిగినా, బేస్ 64 పద్ధతిలో సుమారు 10,000 బైట్లు. సెకనుకు 2,400 బిట్లు, అనగా 300 బైట్లు మాత్రమే మోయగల పాతతరం ఉపగ్రహ ఫోనుమీద కూడా అది అర నిమిషం పైచిలుకులో వెళ్లిపోతుంది. కుదింపు పద్ధతులు వాడితే ఇంకా తొందరగా వెళుతుంది. అసలు బరువు మరొక చోట ఉన్నది. ఫోనుతో తీసిన 30 లక్షల బైట్ల ఛాయాచిత్రాన్ని జతచేస్తే, అది బేస్ 64లో 40 లక్షల బైట్లవుతుంది. అదే దారిమీద అది చేరటానికి 3 గంటల 42 నిమిషాలు పడుతుంది. ఒక పేజీ నోటీసును టైపు చేయకుండా కాగితాన్ని ఫోటో తీసి పంపటం నేడు కార్యాలయాలలో సర్వసాధారణం. పంపేవారికి అది ఒక్క క్షణపు పని. అందుకొనేవారికి అది ఒక పూట బ్యాటరీ.

వేచి ఉండని వర్తమానాలు

ఇప్పుడు అన్నాచెల్లెళ్ల ఉదాహరణకు తిరిగి వద్దాం. అన్న రాసిన జాబు చేరుతుంది. రెండు రోజులు ఆలస్యమైనా చేరుతుంది. చెల్లెలి జవాబు కూడా అదే విధంగా చేరుతుంది. ఈ విషయంలో ఈమెయిలు నమ్మదగినది.

కాని చెల్లెలు ఎదురుచూస్తున్నది అన్న జాబు కోసం మాత్రమే కాదు. సీటు కేటాయింపు కబురు కోసం. అది ఈమెయిలులోనే వస్తుందనుకొందాం. 'ఇరవైనాలుగు గంటలలో అంగీకారం తెలుపవలెను' అని అందులో ఉన్నదనుకొందాం. ఆమె గట్టెక్కి చూసేసరికి గడువు దాటిపోయి ఉండవచ్చు. గడువు దాటకపోయినా, అంగీకారం తెలిపేందుకు పోర్టల్ తెరిస్తే ఓటీపీ అడుగుతుంది. ఆ అంకెల ఆయుర్దాయం కొద్ది నిమిషాలే. అది వచ్చే ఫోను నంబరు తండ్రిది కావచ్చు. ఆ ఫోను ఆ వేళ అడవి లోపల ఉండవచ్చు. ఉత్తరం నాలుగైదు రోజులు ఓపిక పట్టాలని నియమం రాసినవారు ఒకరు. పది నిమిషాలలో జవాబు రాకపోతే తలుపు మూసే ఏర్పాటు చేసినవారు మరొకరు. ఈ రెండింటి నడుమ నలిగిపోయేది గూడెంలోని విద్యార్థిని భవిష్యత్తు.

ఓటీపీకి దాని ప్రయోజనం దానికి ఉన్నది. దొంగల బారినుంచి ఖాతాను కాపాడటానికి స్వల్పాయువు అవసరమే. అయితే కొద్దిపాటి ఆలోచనతో ఈ చిక్కును చాలావరకు తగ్గించవచ్చు. ప్రవేశాలు, ఉపకారవేతనాలు, ఉద్యోగాలకు సంబంధించిన నోటీసులలో ముఖ్యవిషయాన్ని జతపత్రంలోనో లంకెలోనో దాచకుండా, ఈమెయిలులోనే నాలుగు వాక్యాలలో రాయవచ్చు. గడువును గంటలలో కాక రోజులలో, కనీసం తపాలా వరుస ఓపిక పట్టే నాలుగైదు రోజులలో నిర్ణయించవచ్చు. అంగీకారాన్ని జవాబు ఈమెయిలు ద్వారానో, దగ్గరి పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారానో, గ్రామ సచివాలయం ద్వారానో తెలిపే వీలు కల్పించవచ్చు. వీటికి కొత్త ఉపగ్రహం అవసరం లేదు, కొత్త టవరు కూడా అవసరం లేదు.

గూడెంలో ఉండేవారు చేయదగినవి కూడా ఉన్నవి. ఈమెయిలు యాప్‌ను ఐమాప్ పద్ధతిలో అమర్చుకొని, జతపత్రాలు వాటంతట అవి దిగకుండా నిలుపుకోవాలి. రోజులో ఒక నిర్ణీత వేళను ఎన్నుకొని, ఆ వేళకే సాధనాలను మేల్కొలపాలి. 'ప్రతిరోజు సాయంత్రం ఆరు గంటలకు మాత్రమే చూడగలను' అని స్వయంచాలక జవాబుగా పెట్టుకొంటే, రాసేవారికి వారి పరిస్థితి తెలుస్తుంది. దరఖాస్తులలో సిగ్నలు ఉన్న చోట ఉండే నమ్మకస్తుని నంబరును కూడా ఇవ్వాలి. పాఠశాల గ్రంథాలయంలో కంప్యూటరు ఉన్నచోట, సెలవులలో సైతం వారానికి రెండు రోజులు దానిని తెరచి ఉంచితే, అది చుట్టుపక్కల పది గూడేలకు అంచె మకాము కాగలదు.

దేశంలోని ప్రతి గూడేనికి టవరు, ప్రతి ఇంటికి విద్యుత్తు అందవలసినదే. ఆ పని సాగుతున్నది, సాగవలసి ఉన్నది. అయితే టవరు వచ్చిన తరువాత కూడా తుపాను వస్తుంది, కొండచరియ విరుగుతుంది, మబ్బు నెల రోజులు కదలదు. ఆనాడు నిలబడేది వేచి ఉండగల ఏర్పాటే. గ్రేటర్ నోయిడాలోని భవనం క్షణమైనా నిద్రపోకుండా మేలుకొని ఉండటంలోని సార్థకత, నల్లమలలోని బ్యాటరీ ఆరిపోయినప్పుడు దాని ఉత్తరాన్ని పోకుండా పట్టుకొని ఉండటంలోనే ఉన్నది. యంత్రాలకు ఆ ఓర్పు నలభై ఏళ్లకు పూర్వమే నేర్పినారు. నోటీసులు రాసే కార్యాలయాలు కూడా దానిని నేర్చుకొంటే, గట్టెక్కి వచ్చిన ఆ విద్యార్థినికి తన సీటు ఇంకా తన పేరుమీదనే కనిపిస్తుంది.